ఎండలో పలికిన ఎరుపు

ధర్మవరంలో కారు కొన్నవాడికి రెండు కోరికలుంటాయి. కారు కొత్తదని ఊరంతా తెలియాలి, అది కంపెనీ ఇచ్చినట్టు మాత్రం ఉండకూడదు. మొదటి కోరికను అమ్మినవాళ్లే పూలదండ వేసి, ఫోటో తీసి తీర్చేస్తారు. రెండోదానికి హరినాథ్ ఉన్నాడు.

బత్తలపల్లి రోడ్డు పక్కన అతనిదొక రేకుల షెడ్డు. సీటు కవర్లు, స్టిక్కర్లు ఎవరైనా వేస్తారు. హరినాథ్ పేరు మోగింది వెనక లైట్లకు నలుపు కొట్టడంలో. లైటు మీది ఎర్రటి పెంకు విప్పి, నీళ్ల కాగితంతో నున్నగా రుద్ది, పొగలాంటి నల్లరంగును స్ప్రేతో పూత మీద పూతగా కొడతాడు. అదయ్యాక కారు వెనక రెండు నల్లరాళ్లు పొదిగినట్టుంటుంది. బ్రేకు తొక్కితే ఆ నలుపు లోపలినుంచి ఎరుపు మెల్లగా పైకి వస్తుంది. కుర్రకారు దానికి పడి చచ్చేవాళ్లు. ఫిల్మ్ అతికించేవాళ్లు వేరే ఉన్నారు గానీ, ఇక్కడి ఎండకు అది రెండు నెలల్లో అంచులు లేచి ఊడి చేతికొస్తుంది. హరినాథ్ పూత ఊడదు, కారదు, ఎక్కడా చుక్క కట్టదు.

ఆ పనితనం బయట నేర్చింది కాదు. అతని నాయన జయరాముడు నలభై అయిదేళ్లుగా పట్టుకు రంగు అద్దుతున్నాడు. చీర ఎవరి మగ్గం మీద నేసినా, ఎరుపు కావాలంటే పట్టు లడి, అంటే పట్టుదారం చుట్ట, జయరాముడి తొట్టికే రావాలి. హరినాథ్ ఆ తొట్టి పక్కనే పెరిగాడు. లడిని ఒక ముంచు ముంచి ఆరబెట్టడం, రెండో ముంచు, మళ్లీ ఆరబెట్టడం, మూడో ముంచు. ముంచేకొద్దీ రంగు చిక్కబడుతుంది, ధరా పెరుగుతుంది. స్ప్రే డబ్బా చేతికొచ్చాక హరినాథ్ అదే దారిన పోయాడు. మిగతావాళ్లు రెండు మూడు పూతలతో సరిపెడితే, ఇతను ఆరు, ఏడు, ఎనిమిది దాకా వెళ్లేవాడు.

జయరాముడికి ఒక మంకుపట్టు ఉంది. తొట్టిలోంచి తీసిన లడిని నీడలో చూసి సరే అనడు. దేవుడొచ్చి చెప్పినా అనడు. మిట్టమధ్యాహ్నం ఎండలో దండెం మీద వేసి, వంద అడుగులు వెనక్కి నడిచి, అప్పుడు తిరిగి చూస్తాడు. "నీడ అందరినీ మెచ్చుకుంటాదిరా. ఎండ ఎవర్నీ మెచ్చుకోదు" అంటాడు. చిన్నప్పుడు ఆ వంద అడుగులూ హరినాథే లెక్కపెట్టేవాడు. షెడ్డు పెట్టాక ఆ సంగతే మరిచిపోయాడు. రాయలసీమ గాలికి పచ్చి పూత మీద దుమ్ము పడుతుందని షట్టరు దించుకుని పనిచేసేవాడు, షట్టరు దించిన చీకట్లోనే బ్రేకు తొక్కి చూసి మురిసిపోయేవాడు.

ఈ మధ్య జయరాముడి ఎరుపుకే మాట వచ్చింది. మాటన్నది పట్టుచీరల అంగడి కన్యకమ్మ. ఆమె కూతురు నిఖిత పెళ్లిచీరకు జయరాముడు అద్దిన లడిని తిప్పి పంపింది. ఎర్ర మరీ కండ్లలో పొడుస్తోందట, ఇప్పటి పిల్లలు ఇంత రంగు కట్టరట, కొంచెం తగ్గించాలట. కిందటేడు జయరాముడి రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషన్ జరిగింది. "కండ్లు మారినాయి కదప్పా, అంచనా తప్పిందేమో" అని ఆమె మర్యాదగానే అన్నది. ఆ మర్యాదే ముసలాయన్ను ఎక్కువ గుచ్చింది. పదిహేను రోజులుగా ఆయన ఎరుపు తగ్గించలేదు, తగ్గించనని చెప్పనూ లేదు. నాయన కళ్లు నిజంగానే తప్పుతున్నాయేమోనని హరినాథ్‌కూ లోపల అనుమానం ఉంది. పైకి అనలేదు, అంతే.

ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం కన్యకమ్మ, ఆమె కొడుకు సుమంత్ ఆటోలో షెడ్డు ముందు దిగారు. సుమంత్ కొత్త తెల్లకారు ముందురోజే లైట్ల పనికి వచ్చింది. అది తీసుకుని తల్లీకొడుకులు అట్నుంచే తనకల్లు పోవాలి. నిఖితను ఇచ్చేది ఆ ఊళ్లోనే, లగ్నపత్రిక మాట్లాడాలి.

"ఆర్పినప్పుడు మసిబొగ్గు మాదిరి ఉండాలని చెప్పినా కదన్నా, గుర్తుండాదా?" అన్నాడు సుమంత్, లోపలికి వస్తూనే.

"ఎనిమిది పూతలు కొట్టినాప్పా. సూడు" అని హరినాథ్ షట్టరు దించి, కారులో కూర్చుని బ్రేకు తొక్కాడు.

చీకట్లో రెండు ఎర్రటి చారలు నలుపులోంచి పుట్టాయి. పొయ్యిలో నిప్పు కణకణమన్నట్టు ఉన్నాయి. సుమంత్ నోరు తెరిచాడు. కన్యకమ్మ కూడా కుర్చీలోంచి ముందుకు వంగి "అబ్బా, ఎంత నెమ్మదిగా ఉండాదప్పా ఈ ఎర్ర!" అన్నది. హరినాథ్ గుండె అడుగు వెడల్పు పెరిగింది.

సరిగ్గా అప్పుడే జయరాముడు పక్క తలుపు తోసుకుని వచ్చాడు. కన్యకమ్మ వస్తుందని తెలిసి, చేతిసంచీలో ఆ లడిని పట్టుకొచ్చాడు. షెడ్డులో ట్యూబులైటు వేసి, దాని కిందే తీసి చూపించాడు. కన్యకమ్మ దాన్ని చూసింది, కారు లైటు వైపు చూసింది, మళ్లీ దీన్ని చూసింది.

"ఆ మాదిరి నెమ్మదిగా ఉండాలప్పా జయరాముడూ. నీది అరుస్తాండాది."

"ఒక్కసారి బయట ఎండలోకి వచ్చి సూడమ్మా. నూరు అడుగుల కాన్నుంచి సూసి, అప్పుడు చెప్పు."

"ఈ ఎండకు నన్ను యాడికి రమ్మంటావప్పా! పొద్దుపోతాండాది మాకు" అని ఆమె లేచింది.

జయరాముడు లడిని మడుచుకుని, కొడుకు వైపు తిరిగాడు. "రేయ్ హరీ, లైటు కూడా ఎండలో సూసినావా?"

"నాయనా, ఇది పట్టు కాదు."

"రంగు రంగేరా."

హరినాథ్‌కు ఒళ్లు మండింది. నలుగురి ముందు, అదీ పని మెచ్చుకున్న ఘడియలో ఈ చాదస్తమేంటి? వినిపించుకోనట్టు షట్టరు ఎత్తాడు. తెల్లకారు ఎండలోకి వెళ్లిపోయింది. ముసలాయన మాత్రం దాని వెనకే రోడ్డు దాకా నడిచి, నుదుటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తూ నిలబడ్డాడు.

తిరిగొచ్చినప్పుడు ఆయన మొహం బాగాలేదు. "బడి కాడ స్పీడుబ్రేకరు వచ్చినాది. బ్రేకు కొట్టినాడు, కారు ముందుకు ఒంగినాది. ఎర్ర మాత్రం కనపడల్యా."

"నీ కండ్లకు కనపడల్యా అను" అన్నాడు హరినాథ్. అనేసి నాలుక కరుచుకున్నాడు. పదిహేను రోజులుగా దాచుకున్న మాట ఉన్నపళంగా బయటపడింది.

జయరాముడు కోపగించలేదు. "ఆఁ, అదే అనుకుందాం. నా కండ్లు పోయినాయో, నీ లైటు పోయినాదో తేల్చుకుందాం పద."

గిరాకీకి చూపించడానికి హరినాథ్ దగ్గర ఒక పాత లైటు ఉండేది. దానికీ ఎనిమిది పూతలే. షెడ్డులో దాన్ని బ్యాటరీకి తగిలిస్తే చక్కగా వెలిగింది. ముసలాయన నోరు మూయించవచ్చన్న ధీమాతో దాన్ని బ్యాటరీతో సహా అలాగే మోసుకెళ్లి, ఎదురుగా ఖాళీ జాగాలో బోర్లించిన డ్రమ్ము మీద పెట్టాడు. జయరాముడు పక్కన నిలబడి ఒక చేత్తో వైరు పట్టుకున్నాడు, ఇంకో చేతి మీద లడి వేసుకున్నాడు.

"పో. నూరు అడుగులు లెక్కబెట్టుకుంటా పో. అప్పుడు తిరుగు."

ఇరవై ఏళ్ల తరవాత హరినాథ్ మళ్లీ ఆ వంద అడుగులు లెక్కపెట్టాడు. తిరిగి చూశాడు.

"వెలుగుతాండాదా, ఆరినాదా?" అని నాయన అరిచాడు.

హరినాథ్ కళ్లు చికిలించాడు. డ్రమ్ము మీద నల్లటి ముద్ద కనపడుతోంది. ఎండ దాని మీద పడి తెల్లగా మెరుస్తోంది. "ఆరినాది!"

"ఇప్పుడు?"

"ఇప్పుడూ ఆరిందే! తగిలించినావా?"

జయరాముడు రెండు చేతులూ పైకెత్తి చూపించాడు. వైరు బ్యాటరీకి తగిలించినట్టే ఉంది. "నేను ఇంతవరకు తియ్యనే లేదురా!"

 కానీ ఆ క్షణంలో హరినాథ్ చూపు లైటు మీద లేదు. నాయన ఎత్తిన చేతి మీది లడి మీద ఉంది. చుట్టూ వానలు లేక పాలిపోయిన నేల, తెల్లటి ఆకాశం, రంగంటూ లేని మధ్యాహ్నం. ఆ మధ్యలో జానెడు ఎరుపు. వంద అడుగుల దూరంలోంచి అది నేరుగా కంట్లోకి వచ్చింది, పోగు పోగూ లెక్కపెట్టేటట్టు వచ్చింది. పుట్టినప్పటినుంచి చూస్తున్న రంగే. ఒక్కనాడూ చూడలేదని అప్పుడు తెలిసింది.  ఈ మనిషి కళ్లనా తాను అనుమానించింది!

పరుగెత్తుకొచ్చాడు. జయరాముడు మెల్లగా అన్నాడు: "పట్టుకు ఎన్ని ముంచులేస్తే అంత రంగు వస్తాది. దానికి వెలుగు బయటినుంచి పడతాది. దీనికి వెలుగు లోపల ఉండాది. నువ్వు ఏసిన పూత పూతా దాన్ని తినేసినాది."

ఎనిమిది పూతలు. ఒకదాన్ని మించి ఒకటి శ్రద్ధగా కొట్టిన పూతలు. సుమంత్‌కు ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోయింది, మళ్లీ చేసినా అంతే. కన్యకమ్మ ఫోన్ స్విచ్చాఫ్. బత్తలపల్లి దాటితే తాడిపత్రి నుంచి బండలు వేసుకొచ్చే లారీలు ఆ రోడ్డులోనే కలుస్తాయి. ఆ బరువుతో ఒక్కసారి కదిలిన లారీ అంత సులువుగా ఆగదు. ముందున్న కారు బ్రేకు తొక్కిందని వెనకున్న డ్రైవరుకు తెలియాలి. తెలిపే లైటును తానే మూసేసి, పైగా డబ్బులు తీసుకుని, నవ్వుతూ సాగనంపాడు. హరినాథ్ బైకు తీశాడు. "నేనూ వస్తా" అని జయరాముడు వెనక ఎక్కాడు. సంచీ షెడ్డులోనే ఉండిపోయింది, లడిని మాత్రం భుజాన వేసుకున్నాడు.

అదృష్టం ఏమిటంటే, కన్యకమ్మ ఒట్టి చేతులతో వియ్యంకుల ఇంటికి వెళ్లే మనిషి కాదు. బత్తలపల్లి సర్కిల్లో పండ్ల బండి దగ్గర ఆగి, డజనుకు డజను ఏరి, బేరమాడి, ఇప్పుడే వెళ్లిందని ఆ బండామె చెప్పింది. "తెల్లకారే కదన్నా? ముదిగుబ్బ రోడ్డు పట్టినాది. తల తినేసినాది ఆ తల్లి!" అన్నది. బేరమాడే గుణానికి హరినాథ్ జీవితంలో మొదటిసారి దండం పెట్టుకున్నాడు.

ముదిగుబ్బ రోడ్డు మీద ఎండ కాగి రోడ్డే నీళ్లలా కదులుతోంది. అయిదారు కిలోమీటర్ల తరవాత కారు కనపడింది. హరినాథ్ దాని వెనక లైట్ల మీదే కళ్లు పెట్టి బండి తోలాడు. రెండు చిన్న నల్ల మచ్చలు. ముందొక మెరక వచ్చింది. కారు మెరక ఎక్కి అవతలికి దిగింది, వెనకే వీళ్లూ ఎక్కి దిగారు.

దిగుతూనే కారు పెద్దదైపోయింది. అంతకుమించి హరినాథ్‌కు ఏమీ తెలియలేదు. ఎరుపు లేదు, హెచ్చరిక లేదు, ఉన్నట్టుండి కారు మీదికి వచ్చింది. లైటు ఎక్కడుందో తెలిసినవాడు, అదే చూస్తున్నవాడు, అది తన చేతిపనే అయినవాడు, అతనే పోల్చుకోలేకపోయాడు. రెండు బ్రేకులూ బిగబట్టాడు. బైకు పక్కకు జారి, కారుకు జానెడు దూరంలో ఆగింది. కారు ముందు లింగప్ప అనే కాపరి గొర్రెల మంద రోడ్డు దాటుతోంది. రెండు వందల గొర్రెలకు తక్కువ ఉండవు. కొన్ని కారు పక్కల నుంచి కూడా దూరి పోతున్నాయి.

అప్పుడు వెనక, తాము దాటి వచ్చిన మెరక అవతల నుంచి లారీ మోత వినపడింది.

"సుమంతూ! బండి పక్కకు తియ్! తియ్యప్పా!" అని హరినాథ్ అద్దం బాదాడు. తీయడానికి దారేది? ముందూ పక్కలా గొర్రెలే. లోపల కన్యకమ్మ బిత్తరపోయి చూస్తోంది. హరినాథ్ వెనక్కి తిరిగాడు. నాయన పక్కన లేడు.

జయరాముడు మెరక మీదికి పరుగెత్తుతున్నాడు. డెబ్బై రెండేళ్ల మనిషి, చెప్పులు జారిపోతే వదిలేసి, కాగిన తారు మీద ఉత్తి కాళ్లతో పోతున్నాడు. మెరక నెత్తికి చేరి, భుజం మీది లడిని విప్పి, రెండు చేతుల మధ్య బారుగా చాచి పట్టుకుని రోడ్డు మధ్యన నిలబడ్డాడు. గాలికి పట్టు పైకి లేచింది. కింద నుంచి చూస్తున్న హరినాథ్‌కు ముసలాయన నల్లటి గీతలా కనపడ్డాడు, ఆయన చేతుల మధ్య ఎరుపు మాత్రం ఆకాశమంతా ఉన్నట్టనిపించింది.  ఆ భయంలో కూడా, ఇంత రంగు ఒక మనిషి చేతిలోంచి వస్తుందా అని మనసు నిలిచిపోయింది.

లారీ మోత మారింది. టైర్లు కీచుమన్నాయి, గాలి బ్రేకులు బుసకొట్టాయి. కాలిన వాసన మెరక దాటి ఇటు దాకా వచ్చింది. తరవాత నిశ్శబ్దం. గొర్రెల మెడగంటలు ఒక్కటే వినపడుతున్నాయి.

హరినాథ్ మెరక ఎక్కి చూసేసరికి లారీ నాయనకు ముప్ఫై అడుగుల అవతల ఆగి ఉంది. దాని మీద నిలువునా పేర్చిన తాడిపత్రి బండలు తాళ్లలో ఇంకా సన్నగా అదురుతున్నాయి. డ్రైవరు రామదాసు దిగి, టైరుకు ఆనుకుని నిలబడ్డాడు. 

"ఏంది పెద్దాయనా అది? ఆ బ్రిడ్జి కాన్నుంచే కనపడినాది. మనిషి తరవాత కనపడినాడు, ముందు ఆ ఎర్రే కనపడినాది. కాలు దానంతట అదే బ్రేకు మీదికి పోయినాది నాకు." తరవాత నాలుగడుగులు ముందుకేసి మెరక కిందికి చూశాడు. గొర్రెల మధ్య కారు కనపడింది. రంగు మారిన ముఖంతో అడిగాడు: "ఆ కారుకు బ్రేకు లైటు చచ్చినాదా?"

"లేదన్నా, ఇంకా బ్రేకు తొక్కే ఉండాడు" అన్నాడు హరినాథ్. "లైటు చావల్యా. నేనే చంపినా."

 ఎవరైనా నాలుగు తిట్లు తిడితే బాగుండుననిపించింది అతనికి.

గొర్రెలు వెళ్లాక కారును రోడ్డు దించి ఆపారు. హరినాథ్ బైకు డబ్బాలోంచి నీళ్ల కాగితం తీశాడు, లింగప్ప తన సీసాలో నీళ్లిచ్చాడు. ఆ ఎండలోనే కారు వెనక మోకాళ్ల మీద కూర్చుని రుద్దడం మొదలుపెట్టాడు. పూత గట్టిది, తొందరగా రాలేదు. అంత గట్టిగా కొట్టినందుకు తన చేతినే తిట్టుకున్నాడు. నల్లటి నీళ్లు ముంజేతుల మీదుగా కారుతున్నాయి. సుమంత్ రెండో లైటు దగ్గర కూర్చుని, అడగకుండానే తానూ ఒక కాగితం అందుకున్నాడు.

కన్యకమ్మ కారు దిగింది. ఎండలోకి రానన్న మనిషి కొంగు నెత్తిన వేసుకోవడం కూడా మరిచి, ఎండలో నిలబడి మెరక వైపు చూస్తోంది. జయరాముడు ఇంకా అక్కడే ఉన్నాడు, వచ్చే బండ్లకు లడిని ఊపుతూ పక్కనుంచి పంపిస్తున్నాడు. సరిగ్గా వంద అడుగులు ఉంటుంది. ఆమె చాలాసేపు అలా చూసింది. చూసి చూసి మెరక ఎక్కింది.

"ఏమప్పా జయరాముడూ."

ఆయన గాభరాగా లడిని చూసుకున్నాడు. "దుమ్ము పట్టినాదమ్మా, రెండు పోగులు తెగినాయి. వేరే పట్టుకు అద్ది, మీరు చెప్పినట్టే కొంచెం తగ్గించి..."

"తగ్గించొద్దప్పా" అన్నది కన్యకమ్మ.  లడి కొసను వేళ్ల మధ్య పట్టుకుని, వదల్లేదు. "నా బిడ్డ ఇదే కట్టుకుంటాది. ఒక్క పిసరు కూడా తగ్గించొద్దు."

కింద హరినాథ్ పని అయిపోయింది. గీతలు పడి, మసకబారి, చూడ్డానికి అసహ్యంగా ఉన్న రెండు ఎర్రటి పెంకులు ఎండలో బయటపడ్డాయి. అతని చేతిలోంచి వచ్చినవాటిలో అంత వికారమైన పని ఇంకోటి లేదు.

"తొక్కు సుమంతూ" అన్నాడు. లేచి, మెరక వైపు తిరిగి, చేతులు నోటికి అడ్డం పెట్టుకుని అరిచాడు.

"నాయనా! కనపడినాదా?"

జయరాముడు నుదుటి మీద చెయ్యి పెట్టుకుని చూశాడు.

"కనపడినాది!"

హరినాథ్ తాను వెళ్లి చూసుకోలేదు. ఆ మాట చాలనుకున్నాడు.